ఇంటిపేరు ట్రైకోగ్రామా

మీ ఊళ్ళో వెంకటేశ్వర్లు అనే పేరుగలవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నలుగురైదుగురైనా ఉంటారు. "వెంకటేశ్వర్లు గారికి" అని మాత్రం రాసి ఉత్తరం వేస్తే పోస్టుమాను ఏ గుమ్మం ముందు నిలబడాలి? అందుకే మనవాళ్ళు పేరుకు ముందు ఇంటిపేరు తగిలించారు. ఇంటిపేరు ఏ ఇంటివారో చెబుతుంది. పేరు ఆ ఇంట్లో ఏ మనిషో చెబుతుంది.

జీవశాస్త్రంలోనూ పద్ధతి అచ్చంగా ఇదే. 18వ శతాబ్దంలో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ప్రతి జీవికీ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరిచాడు. ముందు ప్రజాతి పేరు, తర్వాత జాతి పేరు. మనం పండించే వరి ఒరైజా సటైవా. ఇందులో ఒరైజా ఇంటిపేరు, సటైవా పేరు అనుకోండి.

ఈ నెల మనం "ట్రైకోగ్రామా" అనే ఇంటిపేరుగల కొన్ని కీటకాలను కలుసుకుందాం. ఈ ఇంట్లో 200కు పైగా జాతులు ఉన్నాయి. రైతులకు వీటితో ఎంతో పని. అయితే ఒకదాన్ని చూసి మరొకటి అనుకుంటే ఆ పని చెడుతుంది. కాబట్టి ఎవరు ఎవరో తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులు నూరేళ్ళకు పైగా తంటాలు పడ్డారు. ఆ కథే ఇది.

అర మిల్లీమీటరు కందిరీగ

మీ స్కేలు తీసి చూడండి. పక్కపక్కన ఉన్న రెండు గీతల మధ్య దూరం ఒక మిల్లీమీటరు. ఆ ఇరుకు జాగాలో ట్రైకోగ్రామా కీటకాలు రెండు ఒకదాని వెనుక ఒకటి నిలబడగలవు! దీని పొడవు సాధారణంగా అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. అంత చిన్న శరీరంలోనే కళ్ళు, మీసాలు, ఆరు కాళ్ళు, నాలుగు రెక్కలు, మెదడు, జీర్ణనాళం అన్నీ ఉన్నాయి. చీమలు, తేనెటీగలు, కందిరీగలు చేరిన హైమెనాప్టెరా క్రమంలోనే ఇదీ చేరుతుంది. కందిరీగే అయినా మనల్ని కుట్టదు. దాని చివర ఉన్న సూది గుడ్లు పెట్టడానికి మాత్రమే.

ఆ గుడ్లు ఎక్కడ పెడుతుంది? ముఖ్యంగా రెక్కల పురుగులు, సీతాకోకచిలుకల గుడ్లలో. అంటే గుడ్డు లోపల గుడ్డు! ఆడ ట్రైకోగ్రామా ఒక రెక్కల పురుగు గుడ్డును చూడగానే దానిమీదికి ఎక్కి, మీసాలతో తట్టుకుంటూ అటూ ఇటూ నడుస్తుంది. ఈ నడక ఊరికే కాదు. గుడ్డు ఎంత పెద్దదో కొలుస్తోందన్నమాట. గుడ్డును దాటడానికి పట్టిన సమయాన్ని బట్టి అది గుడ్డు పరిమాణాన్ని అంచనా వేస్తుందని ష్మిట్, స్మిత్ అనే శాస్త్రజ్ఞులు 1987లో ప్రయోగాల ద్వారా చూపారు. గుడ్డు చిన్నదైతే తనవి ఒకటో రెండో, పెద్దదైతే ఎక్కువ పెడుతుంది. సంతానానికి తిండి చాలాలి కదా!

లోపల ట్రైకోగ్రామా డింభకం బయలుదేరి గుడ్డులోని పదార్థాన్నంతా తినేస్తుంది. మూడు నాలుగు రోజులకు తెల్లగానో పసుపుగానో ఉన్న ఆ గుడ్డు నల్లబడుతుంది. మన వేసవి రోజుల వేడిమిలో సుమారు 8 నుంచి 10 రోజులకు గుడ్డు పెంకుకు గుండ్రని చిల్లు పెట్టి చిన్న కందిరీగ బయటికి వస్తుంది. రావలసిన గొంగళిపురుగు మాత్రం రాదు.

మన తలలోని పేను మన రక్తం తాగుతుంది కానీ మనల్ని చంపదు. అది పరాన్నజీవి. ట్రైకోగ్రామా అలా కాదు. తనకు ఆశ్రయమిచ్చిన జీవిని పూర్తిగా తినేసి చంపుతుంది. అందుకే ఇటువంటి వాటిని పరాన్నభుక్కులు అంటారు.

ఇందులో రైతుకు కలిసివచ్చేది ఏమిటో మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. పంటను కొరికేది గొంగళిపురుగు. పక్షులు, సాలీళ్ళు దాన్ని పట్టుకునేసరికి అది కొంత మేసే ఉంటుంది. ట్రైకోగ్రామా అయితే పురుగు పుట్టకముందే దాని పని ముగిస్తుంది. ఆకు మీద ఒక్క గాటు కూడా పడదు.

కార్డుల మీద సైన్యం

ఇంత మేలు చేసే జీవిని వేలకొద్దీ పెంచి పొలాల్లో వదలాలన్న ఆలోచన పాతదే. 1920ల చివర కాలిఫోర్నియాలో ఫ్లాండర్స్ అనే శాస్త్రజ్ఞుడు నిల్వ ధాన్యంలో పెరిగే ఒక రెక్కల పురుగు గుడ్ల మీద వీటిని పెంచే మార్గం చూపాడు. మన దేశంలో అందుకు బియ్యం నూకల్లో గూళ్ళు కట్టే రెక్కల పురుగును వాడతారు. దాన్ని సజ్జ, జొన్న నూకల మీద పెంచి, గుడ్లు సేకరించి, జిగురు పూసిన అట్టమీద చల్లుతారు. ఒక ఘన సెంటీమీటరు గుడ్లు అంటే సుమారు 16 నుంచి 20 వేలు! ఆ గుడ్ల మీదికి ట్రైకోగ్రామాలను వదిలితే అవి వాటిలో తమ గుడ్లు పెడతాయి. మిగిలిపోయిన గుడ్ల నుంచి పురుగులు పుట్టకుండా ముందే అతినీలలోహిత కిరణాలతో గుడ్లలోని పిండాలను చంపుతారు. గుడ్లు నల్లబడ్డాక అట్టను ముక్కలుగా కత్తిరించి పొలంలో ఆకుల అడుగున తగిలిస్తారు. వీటినే ట్రైకోకార్డులు అంటారు. చెరకు, వరి, పత్తి, కూరగాయలు పండించే రైతులు వీటిని వాడుతున్నారు.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఫ్లాండర్స్ పద్ధతి వచ్చాక ఎన్నో దేశాల్లో ట్రైకోగ్రామాలను లక్షలకొద్దీ వదిలారు. కొన్నిచోట్ల మంచి ఫలితం వచ్చింది. మరికొన్ని చోట్ల ఏమీ రాలేదు. అలా ఎందుకు జరిగింది? కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి ఏమిటంటే, తాము వదులుతున్నది ఏ జాతో వదిలేవారికే సరిగా తెలియదు! అమెరికాలో దొరికిన ప్రతి ట్రైకోగ్రామానూ చాలాకాలం "మైన్యూటమ్" అన్నారు. ఐరోపాలో దొరికితే "ఇవానెసెన్స్" అన్నారు. ఒకే పేరు కింద పది రకాలు కలిసిపోయాయి. ఒక జాతి ఎండకు తట్టుకుంటుంది, ఒకటి తట్టుకోదు. ఒకటి చెట్లమీద వెతుకుతుంది, ఒకటి నేలకు దగ్గరగా ఉన్న పైరులో వెతుకుతుంది. వెంకటేశ్వర్లు అనే పేరు ఒక్కటి చూసి ఉత్తరాలన్నీ ఒకే ఇంట్లో పడేసినట్టయింది వ్యవహారం.

ఇంటిపేరు తెలుసుకోవడం

ముందు సులువైన పని చూద్దాం. ఒక కీటకం ట్రైకోగ్రామా ఇంటిదేనా కాదా అని ఎలా తెలుస్తుంది?

మన వరిచేలలో కాండం తొలుచు పురుగు తన గుడ్లను ఆకు చివర కుప్పగా పెట్టి, గోధుమరంగు నూగుతో కప్పుతుంది. ఆ ఒక్క గుడ్ల కుప్ప నుంచే మూడు రకాల పరాన్నభుక్కులు బయటికి రావచ్చు. అవి ట్రైకోగ్రామా, టెట్రాస్టికస్, టెలినోమస్. మూడూ కంటికి నలుసుల్లాగే కనిపిస్తాయి. సూక్ష్మదర్శిని కింద పెట్టి పాదంలోని కణుపులు లెక్కపెట్టండి. మూడు కణుపులుంటే ట్రైకోగ్రామా. నాలుగుంటే టెట్రాస్టికస్. అయిదుంటే టెలినోమస్. మూడు, నాలుగు, అయిదు! గుర్తుపెట్టుకోవడం ఎంత తేలికో చూశారా?

కానీ పాదానికి మూడు కణుపులు ఉండటం ట్రైకోగ్రామా ఒక్కదాని గుర్తు కాదు. దానికి దగ్గరి చుట్టాలైన ప్రజాతులన్నీ కలిసి ఒక కుటుంబం. ఆ కుటుంబం మొత్తానికీ అది గుర్తు. ట్రైకోగ్రామాను విడిగా పట్టుకోవడానికి రెక్క చూడాలి. ముందు రెక్క వెడల్పుగా ఉంటుంది. దాని మీద సన్నని వెంట్రుకలు వరసలు వరసలుగా, నారుమడిలో సాళ్ళలాగా ఉంటాయి. గ్రీకు భాషలో "ట్రైకోస్" అంటే వెంట్రుక, "గ్రామా" అంటే గీత లేక రాత. 1833లో ఇంగ్లండులో వెస్ట్‌వుడ్ అనే కీటకశాస్త్రజ్ఞుడు ఈ గుర్తు చూసే ఆ పేరు పెట్టాడు. ఆయన వర్ణించిన మొదటి జాతే ఇవానెసెన్స్. ఆ మాటకు "మాయమైపోయేది" అని అర్థం. పరిమాణం చూస్తే సార్థక నామమే!

మీసాలు కూడా సాక్ష్యం చెబుతాయి. ఆడదాని మీసం పొట్టిగా, చివర గదలాగా లావుగా ఉంటుంది. మగదాని మీసం చివరి భాగం అతుకులు లేకుండా ఒకే ముక్కగా, పొడవాటి వెంట్రుకలతో ఉంటుంది. ట్రైకోగ్రమ్మటాయిడియా అనే దగ్గరి ప్రజాతిలో అయితే మగదాని మీసంలో ఆ భాగం విడివిడి కణుపులుగా ఉంటుంది. ఇంటిపేరు తేలిపోయింది. ఇక పేరు తేల్చాలి.

రంగు మోసం చేసింది

మొదటి తరం శాస్త్రజ్ఞులు శరీరం రంగు, పరిమాణం, రెక్కల తీరు చూసి జాతులను వేరు చేయబోయారు. అది నమ్మదగిన దారి కాదని త్వరలోనే తేలింది. ఒకే తల్లి పిల్లలు చల్లని చోట పెరిగితే నల్లగాను, వెచ్చని చోట పెరిగితే పసుపుగాను వచ్చాయి. పెద్ద గుడ్డులో పెరిగితే పెద్దగా, చిన్న గుడ్డులో పెరిగితే చిన్నగా వచ్చాయి.

అన్నిటికన్నా విచిత్రమైన సంగతి 1937లో ఇంగ్లండులో సాల్ట్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. ట్రైకోగ్రామా సెంబ్లిడిస్ అనే జాతి రెక్కల పురుగుల గుడ్లలోనూ పెరుగుతుంది, నీటి ఒడ్డున ఉండే సయాలిస్ అనే కీటకం గుడ్లలోనూ పెరుగుతుంది. రెక్కల పురుగు గుడ్డు నుంచి వచ్చిన మగవాటికి రెక్కలు ఉన్నాయి. సయాలిస్ గుడ్డు నుంచి వచ్చిన మగవాటికి రెక్కలే లేవు! వాటి సంగతి తెలియనివారు చూస్తే అవి రెండు వేర్వేరు జాతులని ప్రమాణం చేసి చెబుతారు. కానీ అవి అన్నదమ్ములు. తిన్న తిండిలో తప్ప పుట్టుకలో తేడా లేదు.

అంటే తిండికీ, వాతావరణానికీ మారని గుర్తు కావాలి. దాన్ని ఎక్కడ వెతకాలి?

బెంగుళూరులో తేలిన లెక్క

1957లో కామన్‌వెల్త్ జీవనియంత్రణ సంస్థ వారి భారత కేంద్రం బెంగుళూరులో ఏర్పడింది. పంట పురుగులను వాటి సహజ శత్రువులతో అదుపు చేయడం ఆ కేంద్రం పని. అక్కడ సుధా నాగర్కట్టి, హెచ్. నాగరాజా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ చిక్కుముడి విప్పడానికి పూనుకున్నారు.

వారి మొదటి పరీక్ష పెళ్ళి పరీక్ష! రెండు జీవులు ఒకే జాతివైతే వాటికి సంతానం కలగాలి, ఆ సంతానానికి మళ్ళీ సంతానం కలగాలి. ఇక్కడ ట్రైకోగ్రామాలో ఒక సౌకర్యం ఉంది. తేనెటీగల్లో లాగే ఇందులోనూ ఫలదీకరణ జరిగిన గుడ్డు నుంచి ఆడది, జరగని గుడ్డు నుంచి మగది వస్తాయి. కాబట్టి ఒక జాతి ఆడదాన్ని, వేరే జాతి మగదాన్ని ఒక గాజు గొట్టంలో ఉంచి, పుట్టిన పిల్లలను చూస్తే చాలు. ఆడపిల్లలు పుడితే ఫలదీకరణ జరిగినట్టు. అందరూ మగపిల్లలే అయితే జరగనట్టు. 1968లో వారు ప్రకటించిన వ్యాసంలో మన దేశంలో ఆస్ట్రేలికమ్ అని పిలుస్తున్న రకాన్ని, ఇవానెసెన్స్‌ను, మైన్యూటమ్‌ను ఇలా జతకట్టించి చూశారు. మూడూ వేర్వేరు జాతులని తేలింది.

జాతులు వేరని తేలింది సరే, చూడగానే గుర్తుపట్టడం ఎలా? ప్రతిసారీ పెళ్ళిళ్ళు చేసి పిల్లల కోసం పది రోజులు ఎదురుచూడలేం కదా! వారు మగ కీటకాలను క్షార ద్రావణంలో పారదర్శకం చేసి, గాజు పలకమీద అమర్చి, సూక్ష్మదర్శిని కింద ఉదరం చివర ఉండే జననాంగ నిర్మాణాన్ని పరిశీలించారు. రంగు మారినా, పరిమాణం మారినా ఆ నిర్మాణపు ఆకారం ఒక్కో జాతిలో ఒక్కో రీతిగా, నిలకడగా ఉంది. తాళానికి తాళంచెవి లాంటి గుర్తు దొరికింది. 1971లో వారు ఎన్నో పాత జాతులను ఈ గుర్తు ఆధారంగా కొత్తగా వర్ణించారు. ఆ తర్వాత ప్రపంచమంతటా ట్రైకోగ్రామా పరిశోధకులు ఇదే దారి పట్టారు.

దాంతో మన చెరకు తోటల ట్రైకోగ్రామా పేరు కూడా చక్కబడింది. ఒకప్పుడు మన పుస్తకాల్లో దాన్ని మైన్యూటమ్ అన్నారు, ఇవానెసెన్స్ అన్నారు, తర్వాత ఆస్ట్రేలికమ్ అన్నారు. అసలు ఆస్ట్రేలికమ్ ఆస్ట్రేలియాకు చెందిన వేరే జాతి అని తేలాక, 1976లో విగ్గియాని అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు మనదానికి "కన్ఫ్యూజమ్" అని పేరు పెట్టాడు. "గందరగోళపడినది" అని దాని అర్థం! చివరికి జపానులో ఇషీ అనే శాస్త్రజ్ఞుడు 1941లోనే "కైలోనిస్" అని వర్ణించిన జాతి ఇదేనని నాగర్కట్టి, నాగరాజా 1979లో తేల్చారు. శాస్త్ర నియమం ప్రకారం ముందు పెట్టిన పేరుకే హక్కు. అందుకే నేడు మన చెరకు రైతు చేతిలోని కార్డు మీది జాతి ట్రైకోగ్రామా కైలోనిస్.

మగవే లేకపోతే?

కథ అయిపోయిందనుకున్నారా? ఇంకో మలుపు ఉంది. కొన్ని ట్రైకోగ్రామా వంశాల్లో మగవే పుట్టవు! తల్లి జతకట్టకుండానే కూతుళ్ళను కంటుంది. మగవి లేనప్పుడు మగ జననాంగం చూసి జాతి చెప్పడం ఎలా?

1990లో స్టౌథామర్, లక్, హామిల్టన్ అనే శాస్త్రజ్ఞులు ఈ ఆడ వంశాలకు యాంటీబయోటిక్ కలిపిన తేనె తినిపించారు. వెంటనే మగపిల్లలు పుట్టడం మొదలైంది! అంటే ఇది ఒక సూక్ష్మజీవి చేస్తున్న పని. అది వోల్బాకియా అనే బాక్టీరియా అని తర్వాత తేలింది. అది తల్లి గుడ్ల ద్వారానే తరువాతి తరానికి పోతుంది. కాబట్టి దానికి కూతుళ్ళే లాభం.

1999లో స్టౌథామర్, ఆయన తోటివారు మరో ఉపాయం చూపారు. డి.ఎన్.ఏ.లో ఒక చిన్న భాగం పొడవును, అందులోని అక్షరాల వరసను చూసి ట్రైకోగ్రామా జాతిని చెప్పవచ్చు. దీనికి మగదైనా ఆడదైనా ఒకటే. నేడు జననాంగ పరీక్ష, డి.ఎన్.ఏ. పరీక్ష రెండూ కలిపి వాడుతున్నారు. బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో ఎన్నో జాతులను సజీవంగా పెంచుతూ, కార్డులు తయారుచేసే కేంద్రాలకు అసలు విత్తనం అందిస్తోంది.

ఎవరి ఊరు ఏది?

పేర్లు తేలాకే పటం గీయడం సాధ్యమైంది. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ట్రైకోగ్రామాలు ఉన్నాయి. ఇవానెసెన్స్ ఐరోపాలో ప్రసిద్ధం. మైన్యూటమ్, ప్రెటియోసమ్ అమెరికా ఖండంవి. ప్రెటియోసమ్ అంటే "అమూల్యమైనది". డెండ్రోలిమై తూర్పు ఆసియాలో పైన్ అడవులను పురుగుల నుంచి కాపాడుతుంది. చైనాలో దాన్ని పెద్ద పట్టుపురుగుల గుడ్లలో పెంచుతారు. ఒక్క గుడ్డు నుంచి డజన్లకొద్దీ బయటికి వస్తాయి. జపానికమ్ ఆసియా వరిచేల జాతి. మన గోదావరి, కృష్ణా డెల్టాల వరిలో కాండం తొలుచు పురుగు మీదికి పంపేది దాన్నే. కైలోనిస్ ఆసియాలో చాలా దేశాల్లో చెరకు, పత్తి, టమాటా పంటల్లో ఉంది.

ఇంత చిన్న జీవి అంత దూరం ఎలా వ్యాపించింది? సొంతంగా ఎక్కువ దూరం ఎగరలేదు. గాలి మోసుకుపోతుంది. కొన్ని జాతులు సీతాకోకచిలుకల మీద ఎక్కి ప్రయాణం చేస్తాయి! క్యాబేజీ మీద గుడ్లు పెట్టే తెల్ల సీతాకోకచిలుక జతకట్టిన తర్వాత దాని ఒంటికి ఒక వాసన అంటుతుంది. ట్రైకోగ్రామా బ్రాసికే ఆ వాసన పట్టి, ఆ ఆడ చిలుక మీదికి ఎక్కి, అది గుడ్లు పెట్టే చోట దిగుతుంది. నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు ఈ సంగతిని 2005లో వెల్లడించారు. ఇక మూడో వాహనం మనిషి. 2018లో అమెరికా ఖండపు కత్తెర పురుగు మన దేశంలో అడుగుపెట్టి మొక్కజొన్నను పట్టుకుంది. దాని గుడ్ల మీద వదలమని శాస్త్రజ్ఞులు సిఫారసు చేసినవాటిలో ప్రెటియోసమ్ ఒకటి.

మీరూ చేయవచ్చు

మీ ఊరి వరిచేలలో, ఆముదపు ఆకుల మీద, కూరగాయల మడిలో రెక్కల పురుగుల గుడ్లు వెతకండి. నల్లబడిన గుడ్లు కనిపిస్తే ఆ ఆకు ముక్కను మాత్రం కత్తిరించి గాజు గొట్టంలో పెట్టి, దూదితో గట్టిగా బిగించండి. ఎండలో పెట్టకండి. గొట్టం మీద చీటీ అంటించి నాలుగు సంగతులు రాయండి: ఊరు, తేదీ, మొక్క, గుడ్లు కనిపించిన చోటు. ఈ చీటీ లేకపోతే లోపలి కీటకానికి విలువ లేదు. దేశపటం మీద ట్రైకోగ్రామా చుక్కలన్నీ ఇలాంటి చీటీల నుంచి వచ్చినవే. వారం పది రోజుల్లో లోపల నలుసులు తిరుగుతాయి. భూతద్దంతో వాటి ఎర్రని కళ్ళు చూడండి. బడిలో సూక్ష్మదర్శిని ఉంటే మీ సైన్సు మాస్టారి సాయంతో పాదం కణుపులు లెక్కపెట్టండి. చూడటం అయ్యాక వాటిని తిరిగి చేలో వదిలేయండి. అక్కడ వాటికి చాలా పని ఉంది.

ఆలోచించి జవాబు చెప్పండి

1. ఒక గాజు గొట్టంలో రెండు రకాల ట్రైకోగ్రామాలను, ఒకదాని నుంచి ఆడదాన్ని, మరొకదాని నుంచి మగదాన్ని ఉంచారు. 30 పిల్లలు పుట్టాయి. అన్నీ మగవే. మీకు ఏమి తెలిసింది?

2. చలికాలంలో పట్టిన నల్లని ట్రైకోగ్రామా, ఎండాకాలంలో అదే చేలో పట్టిన పసుపు ట్రైకోగ్రామా వేర్వేరు జాతులని ఒక విద్యార్థి రాశాడు. అతనికి మీరేమి చెబుతారు?

3. ట్రైకోకార్డులు కట్టిన మరునాడే పొలంలో పురుగుమందు చల్లితే ఏమవుతుంది?